కాపు తగ్గిన కూరగాయల తోట: ఆఖరి కోత నుంచి వేసవి దుక్కి దాకా

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో బోరు కింద అక్టోబరు, నవంబరు నెలల్లో నాటిన టమోటా, వంగ, మిరప, బెండ, బీర తోటలు శివరాత్రి నాటికి అలిసిపోతాయి. అప్పటికి బోరు తగ్గుముఖం పట్టి ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ నల్లి, తెల్లదోమ పెరుగుతాయి. అయినా చెట్టున నాలుగు కాయలు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని వదిలిపెట్టడానికి మనసొప్పదు. ఆ నాలుగు కాయల కోసం తోటను ఉగాది దాటించి లాగితే నీళ్లు, కూలి డబ్బులు రెండూ పోతాయి. చెట్ల మీదున్న పురుగు, తెగులు పక్క మడికో వచ్చే పంటకో అంటుకుంటాయి. అందుకే నాటే రోజును ఎంత శ్రద్ధగా చూసుకుంటామో, తోట తీసే రోజును కూడా అంత శ్రద్ధగా ముందే పెట్టుకోవాలి. ఎకరా, రెండెకరాల్లో ఇంటిల్లిపాదీ పని చేసుకునే తోటలను దృష్టిలో పెట్టుకుని ఈ పనులన్నీ వరుసగా రాశాం.

తోట తీసే రోజును లెక్కతో తేల్చుకోండి

మొదట బోరును కొలవండి. మోటారు వేసిన అరగంట తర్వాత 200 లీటర్ల డ్రమ్మును డెలివరీ పైపు కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోనులో చూసుకోండి. వేసిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా ఊరి నిలిచిన నీరు మొదటి పది, పదిహేను నిమిషాలు జోరుగా వస్తుంది, ఆ తర్వాతే బోరు అసలు శక్తి తెలుస్తుంది.

ఇప్పుడు డ్రిప్పుకు ఎంత కావాలో చూడండి. లైనుకూ లైనుకూ 5 అడుగులు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు సుమారు 6,700 డ్రిప్పర్లు పడతాయి. ఒక్కోటి గంటకు 2 లీటర్లు వదిలే రకమైతే ఎకరాకు గంటకు దాదాపు 13,500 లీటర్లు కావాలి. అంటే డ్రమ్ము 53 సెకన్లలో నిండాలి. నిండటానికి నూట ఐదు సెకన్లు పడుతుంటే ఒకేసారి అరెకరాకు మించి వాల్వు తిప్పకూడదు. తిప్పితే ఒత్తిడి చాలక లైను మొదట్లో ఉన్న చెట్లే తాగుతాయి, చివరి చెట్లు వాడిపోతాయి. చివరి వరుసల్లో కాయ చిన్నదైపోయిందని ఎరువులు పెంచేవాళ్లు ముందు ఈ కొలత వేసుకోవాలి.

రోజుకు ఎంత నీరు కావాలనే లెక్క సులువే. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరంటే దాదాపు 4,000 లీటర్లు. మార్చి ఎండల్లో రోజుకు 5 మిల్లీమీటర్లు తాగే తోటకు 20,000 లీటర్లు పెట్టాలి. కరెంటు ఉన్న గంటల్లో బోరు అంత ఇవ్వలేకపోతే ఎకరా మొత్తాన్ని సగం సగంగా తడపడం కంటే, బాగున్న అరెకరాను ఉంచుకుని మిగతాది తీసేయడం మేలు. సగం తడితో నిలిచిన టమోటాకు కాయ అడుగున నల్లమచ్చ వస్తుంది. ఇది సున్నం (కాల్షియం) అందక వచ్చే మచ్చ. నేలలో సున్నం ఉన్నా, తడి ఒకరోజు ఎక్కువై ఒకరోజు తక్కువైతే అది కాయ దాకా అందదు. మందు కొట్టినంత మాత్రాన ఆ మచ్చ పోదు.

తర్వాత కోత ఖర్చు. ప్రతి కోతకూ ఒక కాగితం మీద నాలుగే అంకెలు రాయండి: వచ్చిన డబ్బు, కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషన్. ఉదాహరణకు 15 కిలోల బాక్సులు 30 తెగి, బాక్సు 100 రూపాయలు పలికితే 3,000 వస్తుంది. ఐదుగురికి 400 చొప్పున కూలి 2,000, బాక్సుకు 15 చొప్పున బాడుగ 450, పది శాతం కమీషన్ 300 తీసేస్తే మిగిలేది 250. నీళ్లు, మందులు ఇంకా లెక్కలోకి రాలేదు. ఇంటివాళ్లే కోసినా వాళ్ల కూలి కూడా రాయాలి. వరుసగా రెండు కోతలు ఇలాగే ఉంటే ఆ తోట పని అయిపోయినట్టే. పత్తికొండ మార్కెట్టులో గానీ, అనంతపురం దగ్గర కక్కలపల్లిలో గానీ ధర ఒక్కసారిగా ఎగరడం ఉంది. అయితే ఆ ఆశతో ఎదురుచూడాలంటే చెట్టు మీద కనీసం రెండు కోతలకు సరిపడా పెరిగిన కాయ ఉండాలి. పూతను చూసి ఎదురుచూడకూడదు.

పూతను ఎందుకు నమ్మకూడదంటే, టమోటాలో పువ్వు కాయై పండటానికి నెలన్నర పడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. మార్చి మొదట్లో విచ్చిన పువ్వు ఏప్రిల్ మధ్యకు గానీ చేతికి రాదు. అందులో నిలిచేది కొంచెమే.

ఆఖరి నెలన్నర

తీసే తేదీ తేలాక, దానికి ఆరు వారాల ముందు టమోటా కొసలు తుంచేయండి. ఆఖరి గుత్తి పైన రెండాకులు ఉంచి, ఆ పైన ఉన్న చిగురును గిల్లేస్తే చెట్టు శక్తి ఉన్న కాయను ఊరించడానికి పోతుంది. కింది ఆకులను మాత్రం ఈ దశలో తీయవద్దు. ఆకు పలచబడితే కాయ మీద నేరుగా ఎండ పడి తెల్లగా కాలిన మచ్చ వస్తుంది. ఆ కాయను మండీలో పక్కన పడేస్తారు.

డ్రిప్పులో ఇచ్చే ఎరువును ఆఖరి కోతకు మూడు వారాల ముందే ఆపండి. అప్పుడిచ్చిన యూరియా చిగురుకే పోతుంది, లేత చిగురుకు తెల్లదోమ చేరుతుంది. ఎరువు ఆపినా నీళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపవద్దు. ఎండగట్టి తర్వాత నిండా తడిపితే కాయ పగులుతుంది.

ఎండాకాలం టమోటా చెట్టు మీదే పండితే ఎరుపు రాదు. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్ర రంగు తయారవడం ఆగిపోయి పసుపు మాత్రమే మిగులుతుంది. కాబట్టి మార్చి నుంచి కాయ దోరగా, అడుగున కాస్త రంగు తిరగగానే కోసి నీడలో గాలి ఆడేలా పరిచి పండించాలి. కోత పొద్దున తొమ్మిది లోపల అయిపోవాలి. కోసిన బాక్సులను గట్టు మీద ఎండలో పెడితే మార్కెట్టు చేరేసరికి పైవరుస మెత్తబడుతుంది. చెట్టు నీడ లేకపోతే తడిపిన గోనెసంచులు కప్పండి, అవి కాయకు తగలకుండా మధ్యలో రెండు కట్టెలు అడ్డం పెట్టాలి.

మందుల విషయంలో చాలా గట్టిగా ఉండాలి. ఈ దశలో రెండు, మూడు రోజులకోసారి కోత ఉంటుంది, మందు కొట్టాక కోతకు ఆగాలని డబ్బా మీద రాసిన గడువేమో అంతకంటే ఎక్కువ రోజులుంటుంది. ఆ గడువు లోపల కోసిన కాయ తినేవాళ్లకు విషమే. మన ఇంట్లో పిల్లలు తినేదీ ఆ కాయలే. కోతలు సాగుతున్నంతకాలం 1500 పీపీఎం వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టుకోవచ్చు. ఎర్రనల్లి మొదలైన చోట ఆకులను తుంచి సంచిలో వేసుకుని బయటకు తేవాలి. బెండ, గోరుచిక్కుడు తోటల్లో నల్లి గట్టువైపు వరుసల్లో, దుమ్ము పడే దారి పక్కన ముందు కనిపిస్తుంది. వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వంగకు ఇంకో దారి ఉంది. వేళ్లు శుభ్రంగా ఉండి, బోరులో నీరు నిలుస్తుందన్న నమ్మకం ఉంటే చెట్టును నేల నుంచి అడుగు ఎత్తులో కత్తిరించి, పురుగు తొలిచిన కొమ్మలన్నీ తీసేసి, చెట్టుకు రెండు దోసిళ్ల దిబ్బెరువు వేసి నీళ్లు పెడితే నెలన్నర, రెండు నెలల్లో మళ్లీ కాపు వస్తుంది. వడలు తెగులు ఒక్క చెట్టుకు కనిపించినా ఈ ఆలోచన వదిలేయండి. కత్తిరించిన కత్తే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది.

అమ్ముడుపోని కాయను ఇంటికి మళ్లించండి. గోరుచిక్కుడును ఉప్పునీటిలో ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, చాప మీద మూడు, నాలుగు రోజులు ఎండబెడితే ఒరుగులవుతాయి. మిరపలో పొట్టి లావుకాయను చీల్చి ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టుకుంటే సంవత్సరమంతా ఉంటాయి. టమోటాను నాలుగు బద్దలు చేసి ఉప్పు చల్లి ఎండబెడితే పది, పదిహేను కిలోలకు కిలో వస్తుంది. రాత్రిపూట లోపలికి తీసుకోకపోతే మంచు పట్టి బూజు వస్తుంది. దీనికి పండు పగలకుండా, మచ్చ లేకుండా ఉండాలి. కుళ్లు మొదలైన కాయను ఎండబెట్టినా అది మంచిదైపోదు.

విత్తనం తీయడం

ముందు ఏది తీయవచ్చో చూసుకోండి. హైబ్రిడ్ ప్యాకెట్టుతో వేసిన తోట నుంచి విత్తనం తీస్తే మరుసటి పంట ఒక్కో చెట్టు ఒక్కో రకంగా వస్తుంది. అర్క రక్షక్ వంటి ప్రభుత్వ సంస్థ హైబ్రిడ్లకైనా ఇదే మాట. టమోటాలో పీకేఎం-1, అర్క వికాస్; వంగలో భాగ్యమతి, శ్యామల; బెండలో అర్క అనామిక, పర్భని క్రాంతి; గోరుచిక్కుడులో పూసా నవబహార్; బీరలో జగిత్యాల లాంగ్ వంటి, హైబ్రిడ్ కాని సూటి రకాలకూ, ఇంట్లో తరాలుగా వస్తున్న నాటు గింజలకూ మాత్రమే ఈ శ్రమ పనికొస్తుంది.

చెట్టును ఎంచేటప్పుడు ఇంత ఆలస్యంగా కూడా ముడత, వెర్రి తెగుళ్లు లేకుండా పచ్చగా నిలిచిన వాటికి గుడ్డపీలిక కట్టండి. ఒక్క చెట్టుతో సరిపెట్టకుండా పది, పదిహేను చెట్ల నుంచి తీసుకోవాలి. పెద్ద కాయ ఒకటి కనిపించిందని తెగులు చెట్టు నుంచి తీస్తే, వంగలో కాయకుళ్లు, మిరపలో పండు మచ్చ గింజతోపాటే వస్తాయి.

టమోటా గింజను పులియబెట్టి తీయాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు పొర మొలకను ఆపుతుంది, పులిస్తేనే అది విడిపోతుంది. బాగా పండిన కాయలను కోసి గుజ్జు, గింజలను మట్టి లేదా ప్లాస్టిక్ పాత్రలోకి పిండండి. నీళ్లు కలపవద్దు. పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచి రెండు, మూడు సార్లు కలపండి. మన ఎండలకు 24 గంటలు చాలు, ఒకటిన్నర రోజు దాటనీయవద్దు. దాటితే గింజ పాత్రలోనే మొలక విడుస్తుంది. తర్వాత నిండా నీళ్లు పోసి కలిపితే తాలు గింజలు తేలుతాయి. వాటిని ఒంపేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగండి. ఆరబెట్టడానికి పాత పంచె ముక్క లేదా చేట మంచిది, కాగితం మీద పోస్తే అతుక్కుంటుంది. మొదటి రోజు నీడలో, తర్వాత రెండు, మూడు రోజులు పొద్దున పది గంటల దాకానే ఎండలో పెట్టండి. మధ్యాహ్నం మిద్దె మీద, రేకు మీద పోస్తే గింజ లోపల ఉడికిపోతుంది. పైకి మాత్రం మంచి గింజలాగే కనిపిస్తుంది.

వంకాయ చెట్టు మీదే పసుపు తిరగాలి. కోసి వారం నీడలో ఉంచి, అడుగుభాగం కోసి నీళ్లలో పిసికితే మంచి గింజ మునుగుతుంది. బెండకాయ పూసిన నెలా ఐదు రోజులకు ఎండి అంచులు చీలడం మొదలవుతుంది. అప్పుడు పొద్దున మంచు తడి ఉండగా కోస్తే గింజ రాలదు. బీర, సొర కాయలు పాదు మీదే ఎండి, ఊపితే గలగలమనాలి.

గోరుచిక్కుడు, టమోటా ఎక్కువగా తమ పుప్పొడితోనే కాయకడతాయి కాబట్టి పెద్ద జాగ్రత్త అక్కర్లేదు. బీర, సొర, వంగ, మిరప, బెండ అలా కాదు, పక్క చేలో వేరే రకం ఉంటే తేనెటీగలు కలిపేస్తాయి. బెండ పువ్వు పొద్దున విచ్చుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే మొగ్గ కొసకు దారం కడితే చాలు, దానంతటదే కాయకడుతుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుతుంది. నాలుగు గంటలకు, ఆ రోజు విచ్చబోయే మగమొగ్గను, కింద చిన్న పిందె ఉన్న ఆడమొగ్గను దారంతో కట్టండి. ఆరు గంటలకు మగపువ్వు తెంపి రేకులు తీసి ఆడపువ్వు మధ్యలో అద్ది, మళ్లీ దారం కట్టి, తొడిమకు గుర్తు వేయండి. నాలుగైదు కాయలు ఇలా చేసుకుంటే ఇంటికి సరిపడా నికార్సైన గింజ దొరుకుతుంది. పాదు చురుగ్గా పూస్తున్నప్పుడే ఈ పని చేయాలి. అలిసిన పాదుకు కట్టిన కాయలో గింజ నిండదు.

గింజ పంటితో కొరికితే టప్పున విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే. గాలి చొరని సీసాలో పోసి రకం పేరు, నెల, సంవత్సరం రాసి చల్లని చీకటి చోట పెట్టండి. అలసంద, చిక్కుడు గింజలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్లు పెట్టదు. అలా నూనె పట్టించిన గింజను వండుకోవడానికి తీయకూడదు.

చెట్లు పీకే ముందు, పీకేటప్పుడు

ఆఖరి కోత మరుసటి రోజే పీకడం మొదలుపెట్టకండి. ముసలి తోటలో తెల్లదోమ, తామర పురుగు గుంపులుగా ఉంటాయి. చెట్టు వాడటం మొదలుకాగానే అవి లేచి, పక్కనున్న లేత మిరప, టమోటా మీద వాలి ఆకుముడత వైరస్‌ను అక్కడికి మోస్తాయి. ముందురోజు సాయంత్రం తోట మొత్తం వేపనూనె, సబ్బునీరు కొట్టి, మర్నాడు చలి ఉండగా, రెక్కల పురుగులు చురుగ్గా లేనప్పుడు పీకాలి. గాలి వచ్చే వైపు నుంచి కాకుండా, పక్క పంటకు దగ్గరున్న వరుసల నుంచి మొదలుపెట్టి ఆ రోజే కుప్పను దూరం చేర్చండి.

పీకేటప్పుడు మడిలో అక్కడక్కడా పది చెట్లను గునపంతో వేళ్లతో సహా తవ్వి చూడాలి. చేత్తో లాగితే వేళ్లు నేలలోనే తెగిపోయి రోగం కనిపించదు. ఈ పదిచెట్ల పరీక్షే వచ్చే పంటకు అసలు సమాచారం.

వేళ్ల మీద బుడిపెలు ఉంటే అది నులిపురుగు. ఆ మడిలో వచ్చేసారి బెండ, వంగ, టమోటా, బీర, సొర ఏదీ వద్దు. జొన్న, సజ్జ, నువ్వు, ఎర్రగడ్డ వేయండి, లేదా బంతి దట్టంగా వేసి పూలయ్యాక దున్నేయండి. దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి కలపాలి.

వేరు శుభ్రంగా ఉండి కూడా చెట్టు పచ్చగానే తలవాల్చి ఉంటే కాండం అడుగున ఒక జానెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి ముక్క కొసను ముంచి పట్టుకోండి. కాసేపట్లో పాలచారల్లాగా తెల్లగా కిందికి దిగితే అది బ్యాక్టీరియా వడలు తెగులు. ఆ మడిలో మూడేళ్లు టమోటా, వంగ, మిరప పెట్టకూడదు. అక్కడ వాడిన పార, కత్తి, కట్టెలు కడిగి ఎండబెట్టాకే వేరే మడిలోకి తేవాలి. పాలచార దిగకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు గీత ఉంటే అది శిలీంధ్రపు వడలు. మేలు చేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా కలిపిన ఎరువు దీనికి పనికొస్తుంది.

పురుగు తొలిచిన టమోటా కాయలను కుప్పలో వేయకూడదు. 2014లో మన దేశంలో బయటపడిన ఊజీపురుగు, అంటే టూటా, కాయలోంచి వచ్చి మట్టిలో కోశస్థ దశకు పోతుంది. ఆ కాయలను రెండడుగుల లోతు గుంటలో పూడ్చండి, లేదా పాలిథీన్ సంచిలో మూతి బిగించి రెండు వారాలు ఎండలో పడేయండి. రోగం లేని చెట్లను ముక్కలు చేసి దిబ్బలో పేడ వరుసల మధ్య వేసుకోవచ్చు. కుప్పను తడిపి, నెలకోసారి తిరగేస్తే లోపల వేడి పుట్టి కుళ్లుతుంది. వైరస్, వడలు తగిలిన వాటిని దిబ్బలో కలపవద్దు.

డ్రిప్పు, మల్చింగు షీటు, కట్టెలు

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా పేరుకునేది అదే. చెట్లు ఇంకా నేలలో ఉండగానే, ఆఖరి కోత అయ్యాక యాసిడ్ పని చేసుకుంటే ఆ తడికే షీటు కూడా సులువుగా లేస్తుంది.

ఎంత యాసిడ్ కావాలో ఊహించకండి. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో బోరు నీళ్లు పట్టి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా కొలిచి పోస్తూ, నీటి ఆమ్లగుణాన్ని చూపే పీహెచ్ కాగితంతో చూడండి. పీహెచ్ 4కు వచ్చినప్పుడు ఎంత పోశారో అదే కొలత. పది లీటర్లకు 10 మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే లీటరుకు ఒకటి. పైన చెప్పిన ఎకరా డ్రిప్పులో పావుగంటకు సుమారు 3,400 లీటర్లు పోతాయి, కాబట్టి 3.4 లీటర్ల యాసిడ్ కావాలి. ఫిల్టరు దాటాక ఉన్న వెంచూరి (ఎరువును లైనులోకి పీల్చే పరికరం) ద్వారా ఆ పావుగంటలో సమంగా ఎక్కించండి. ఇనుప జల్లెడ ఉన్న ఫిల్టరు ముందు ఎక్కిస్తే జల్లెడను తినేస్తుంది. చివరి లైను ఆఖరి డ్రిప్పర్ నీటిని కాగితంతో చూసి, పీహెచ్ 4 వచ్చాకే మోటారు ఆపాలి. 24 గంటలు అలాగే వదిలి, మర్నాడు ముందు సబ్‌మెయిన్ (డ్రిప్పు లైన్లకు నీరిచ్చే పైపు) చివరి ఫ్లష్ వాల్వు, తర్వాత ఐదారు లైన్ల చొప్పున చివరి మూతలు విప్పి తేటనీళ్లు వచ్చేదాకా వదలండి. అన్నీ ఒకేసారి విప్పితే జోరు చాలక మురికి బయటకు రాదు.

యాసిడ్‌ను ఎప్పుడూ నీళ్లలోకి పోయాలి, యాసిడ్ మీద నీళ్లు పోయకూడదు. రబ్బరు తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎరువు తొట్టిని ముందే కడిగి ఉంచాలి. పాచి పోవడానికి బ్లీచింగ్ పౌడరు వాడే అలవాటు ఉంటే అది వేరే రోజున, లైన్లు బాగా కడిగాకే చేయాలి. రెండూ కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

షీటు తీయడానికి చెట్లను మొదలు దగ్గర కోసి పైభాగం తీసేశాక, ఒక అంచు మట్టిని పారతో వదులు చేసి ఇద్దరు రెండు వైపులా పట్టి చుట్టుకుంటూ పోవాలి. 25 మైక్రాన్ల షీటు ఒక పంటకే. ఏప్రిల్ దాకా ఎండలో వదిలితే పట్టుకుంటే పొడై, ఆ ముక్కలు నేలలో కలిసి ఏళ్ల తరబడి పోవు. దున్ని కలిపేయడం, గట్టున తగలబెట్టడం రెండూ వద్దు. మట్టి దులిపి కట్టలు కట్టి పాత సామాను కొనేవాళ్లకు వేయండి. షీటు కింది లైన్లను మూడడుగుల వెడల్పు చుట్టలుగా, మడత పడకుండా చుట్టి మూడు చోట్ల కట్టి, రెండు కొసలకూ ప్లాస్టిక్ కవరు బిగించండి. లేదంటే చీమలు, కందిరీగలు లోపల గూడు పెడతాయి. నేల మీద పెడితే ఎలుకలు కొరుకుతాయి, నీడలో దూలానికి వేలాడదీయాలి. ఏ చుట్ట ఏ వరుసదో రాసిన చీటీ కట్టుకుంటే మళ్లీ పరిచేటప్పుడు పొడవులు వెతుక్కునే పని ఉండదు.

సరుగుడు, నీలగిరి కట్టెలను మట్టి గీకి, రెండు రోజులు ఎండలో తిప్పి, రాళ్ల మీద పేర్చండి. నేలకు ఆనితే వానాకాలానికి చెదలు సగం తినేస్తుంది. బైండింగు వైరు చుట్టుకోండి, ప్లాస్టిక్ పురికొసను ముక్క కూడా మిగలకుండా సంచికెత్తండి. తర్వాత ఎరువు కోసం గొర్రెల మందను కట్టేది ఈ మడిలోనే, వాటి కడుపులో ఆ ముక్కలు ఉండచుట్టుకుపోతాయి.

మట్టి పరీక్ష, మంద, దుక్కి

మంద కట్టకముందే మట్టి తీయండి. ఎకరాలో ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతున ‘వి’ ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి పై నుంచి కింద దాకా పలుచని పొర గీకాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అర కిలోకు తేవాలి. దిబ్బ పక్కన, గట్టు మీద, చెట్టు నీడలో తీయవద్దు. డ్రిప్పు తడి అంచున తెల్లగా ఉప్పు పేరుకున్న చోటును కలపకుండా విడిగా ఇంకో సంచిలో తీసి ఇవ్వండి. మొదటి వానకు ఆ ఉప్పు కరిగి వేరు దగ్గరికి దిగి నారు మాడుతుంది కాబట్టి దాని సంగతి ముందే తెలియాలి. అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి, ఊరి రైతు సేవా కేంద్రంలోనూ అడగవచ్చు.

మంద కట్టించడం మన సీమలో ఇప్పటికీ అందుబాటులో ఉన్న మంచి ఎరువు. గొర్రెకు సుమారు ఒక చదరపు మీటరు చొప్పున, 500 గొర్రెలు రాత్రికి 500 చదరపు మీటర్లు ఆక్రమిస్తాయి, ఎకరాకు ఎనిమిది రాత్రులు పడుతుంది. కంచెను రోజూ జరిపించండి. ఒకేచోట రెండు రాత్రులు పెడితే అక్కడ ఎక్కువై మిగతా చోట ఉత్తగా పోతుంది. పిక్కలు, మూత్రం ఎండకు వదిలేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది. మంద జరిగిన రెండు, మూడు రోజుల్లో గుంటకతో పైపైన కలిపేయాలి. కాపరితో మాట్లాడేటప్పుడు రెండు విషయాలు ముందే చెప్పండి: ఆ మడిలో ఆఖరి మందు ఎప్పుడు కొట్టారు, గట్టు చుట్టూ జొన్న ఉందా. కోసిన జొన్న మోళ్లకు వచ్చిన లేత పిలకలు మేస్తే నాము చేస్తుంది, అంటే పిలకల్లోని విషం ఎక్కుతుంది, గొర్రె గంటల్లో చచ్చిపోతుంది. మంద రాకముందే ఆ పిలకలను పీకేయండి. ఇంకొకటి, ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు తిని వస్తాయి, ఆ గింజలు పిక్కలతో మడిలో పడి మొలుస్తాయి. మొదటి వాన తర్వాత మొక్క వేలెడు ఎత్తున ఉన్నప్పుడే పీకితే వస్తుంది. నెల దాటితే వేరు దిగి గునపం కావాల్సి వస్తుంది.

వేసవి వాన ఒకటి పడగానే వాలుకు అడ్డంగా దున్నండి. నల్లరేగడిలో తొమ్మిది అంగుళాల నుంచి అడుగు లోతు పోతే గరిక వేళ్లు, తుంగ గడ్డలు, పురుగు కోశాలు పైకి వచ్చి ఎండకు చస్తాయి, కొంగలూ కాకులూ ఏరుకు తింటాయి. గరప ఉన్న ఎర్రనేలల్లో ప్రతి ఏడాదీ అంత లోతు వద్దు, కింది రాయి పైకి వస్తుంది. అక్కడ మూడేళ్లకోసారి లోతు దుక్కి చాలు. పెళ్లలను పగలగొట్టకుండా వదిలేయండి, వాన నీరు నిలిచి ఇంకుతుంది.

నారుమడి జాగాను ఏప్రిల్ మధ్యలోనే తడిపి, పారదర్శక పాలిథీన్ షీటు నేలకు అంటేలా పరిచి, అంచులు ఆరంగుళాల కాలువలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. ఎండ షీటు గుండా దిగి లోపలి తడి మట్టిని ఉడికిస్తుంది, కలుపు గింజలు, నారుకుళ్లు శిలీంధ్రాలు చస్తాయి. నల్లషీటు, పాత మల్చింగు షీటు ఈ పనికి రావు, వేడి పైనే ఆగిపోతుంది. చిరుగు పడితే ఆ రోజే టేపు వేయాలి. షీటు తీశాక ఆ మడిని లోతుగా తిరగేయవద్దు, కింది కలుపు గింజ మళ్లీ పైకి వస్తుంది.

అదే సమయానికి 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, చెట్టు నీడలో తడిగోనెలు కప్పి వారం, పది రోజులు ఉంచండి. పైన తెల్లబూజులాగా వచ్చి ఆకుపచ్చకు తిరిగితే సిద్ధమైనట్టు. ఎండ పడితే అది చచ్చిపోతుంది, కాబట్టి చల్లేది కూడా సాయంత్రమే.

తోట తీసేయగా మిగిలిన బోరు నీటితో పది సెంట్లలో తోటకూర, గోంగూర వేసుకోవచ్చు, 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ ఉంటే కొత్తిమీర కూడా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రైతు బజారులో ఆకుకూరకు గిరాకీ బాగుంటుంది.

రోహిణి కార్తెకు వారం ముందు దాచిన గింజను పరీక్షించండి. సీసాలో పైన, మధ్యన, అడుగున కలిపి వంద గింజలు తీసి, తడిగుడ్డలో వరుసగా పరిచి చుట్టి, ఆరకుండా చూసుకోండి. టమోటా, వంగ, మిరపకు వారం నుంచి రెండు వారాలు, బెండ, బీర, గోరుచిక్కుడుకు వారం పడుతుంది. 70కి పైగా మొలిస్తే మామూలు మోతాదు చాలు, టమోటా సూటి రకాలకు ఎకరా నారుకు 200 గ్రాములు. 50 దగ్గర ఆగితే 280 గ్రాములు పోయండి. అంతకు తక్కువైతే ఆ గింజను పక్కనపెట్టి, జూన్ తొలివాన లోపలే వేరే గింజ తెచ్చుకోండి.